స్టీరింగ్ వెనక మనసు: యంత్రం ఎంతవరకు చదవగలదు?

ఇంజినీరింగ్ కాలేజీల ప్రాజెక్టు ఎక్స్‌పోల్లో తరచూ కనబడే డెమో ఒకటుంది. ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న కుర్రాడు కనుబొమలు ముడిచి పళ్లు బిగిస్తాడు. తెర మీద అతని ముఖం చుట్టూ ఎర్రటి గడి వచ్చి ‘యాంగ్రీ’ అని పడుతుంది, బజర్ మోగుతుంది. అతను నవ్వగానే గడి పచ్చగా మారి ‘హ్యాపీ’ అంటుంది. పక్కనున్న పోస్టరులో ‘కచ్చితత్వం 95 శాతం’ అని పెద్ద అక్షరాల్లో రాసి ఉంటుంది.

ఇదే పెట్టెను మెట్రో రెండో దశ పనులతో ఇరుకైన చెన్నై రోడ్డు మీద, సాయంత్రం ఆరింటికి వెళ్లే కారులో బిగిద్దాం. నిజంగా కోపం వచ్చిన డ్రైవరు కెమెరా కోసం పళ్లు బిగించడు. ముఖం మామూలుగానే ఉంటుంది, యాక్సిలరేటరు మీద కాలు మాత్రం బరువెక్కుతుంది. ఎదురెండకు కళ్లు చికిలించినవాడి మీద మాత్రం యంత్రం కోపిష్ఠి ముద్ర వేస్తుంది.

నెల్లూరు, తిరుపతి, ఒంగోలు వైపు నుంచి వచ్చి చెన్నైలో చదువుకునే మన పిల్లలకు ‘డ్రైవర్ మూడ్ డిటెక్షన్’ కొత్త అంశమేమీ కాదు. అంశం మంచిదే, చిక్కంతా ప్లాన్‌లో ఉంది. డ్రైవరు మనసులో ఏముందో కనిపెట్టడం ఒక పని, అతను ప్రమాదకరంగా నడుపుతున్నాడా లేదా అన్నది తేల్చడం ఇంకో పని. మొదటిది పెద్ద ప్రయోగశాలలకే ఇంకా కొరుకుడు పడలేదు. రెండోది నలుగురు విద్యార్థుల బృందానికి ఏడాదిలో సాధ్యమే. ఈ తేడా తెలిస్తే సగం ప్రాజెక్టు అయిపోయినట్టే.

ప్రమాదాల లెక్కల్లో మూడ్ ఎక్కడుంది?

కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి, 1,68,491 మంది చనిపోయారు. ప్రమాదాల సంఖ్యలో మొదటి స్థానం తమిళనాడుదే: 64,105. మరణాల్లో ఉత్తరప్రదేశ్ తర్వాత 17,884తో రెండో స్థానం. ఆ నివేదికలో డ్రైవర్ల తప్పుల కింద అతివేగం, మద్యం, రాంగ్ సైడ్, సిగ్నల్ జంపింగ్, మొబైల్ వాడకం అనే పద్దులుంటాయి. మరణాల్లో 70 శాతానికి పైగా అతివేగం ఖాతాలోనే పడ్డాయి. అయితే ఆ వేగం వెనక కోపముందా, తొందరుందా, ఇంట్లో గొడవుందా అన్నది రాయడానికి పద్దు లేదు. పోలీసులు ప్రమాద స్థలం నుంచే వివరాలు నమోదు చేసే ‘ఐరాడ్’ డేటాబేస్‌ను రూపొందించింది చెన్నైలోని ఐఐటీ మద్రాసే. అయినా ఢీకొన్న తర్వాత వెళ్లినవాళ్లకు ఢీకొనే ముందున్న మనఃస్థితి ఎలా దొరుకుతుంది?

దొరకాలంటే బండిలో కెమెరా ముందే ఉండాలి. అమెరికాలో 3,500 మందికి పైగా డ్రైవర్ల సొంత కార్లలో కెమెరాలు, సెన్సర్లు బిగించి మామూలుగా తిరగనిచ్చారు. అలా రికార్డయిన 905 ప్రమాదాలను వర్జీనియా టెక్ పరిశోధకులు విశ్లేషించి 2016లో ఫలితాలు ప్రకటించారు. నిద్రమత్తు, పరధ్యానం వంటివేమీ లేకుండా నడిపే స్థితితో పోలిస్తే, కోపం, దుఃఖం, ఉద్రేకం పైకి కనబడుతున్నప్పుడు ప్రమాదం ముప్పు 9.8 రెట్లు ఉంది. చేతిలో ఫోన్ పట్టుకుని నడిపితే అది 3.6 రెట్లు, నిద్రమత్తులో 3.4 రెట్లు.

ప్రాజెక్టు అబ్‌స్ట్రాక్టులో రాసుకోవడానికి 9.8 రెట్లు అన్న మాట భలేగా ఉంటుంది. అదే పట్టికలో పక్క గడిలో ఉన్న అంకెను మాత్రం ఎవరూ ఎత్తరు. అలాంటి ఉద్వేగం డ్రైవింగ్ సమయంలో కనబడింది 0.22 శాతం మాత్రమే. అంటే అది చాలా ప్రమాదకరం, చాలా అరుదు కూడా. మన యంత్రానికి అసలు పరీక్ష ఆ అరుదుతనమే.

ముఖం చెప్పేది కొంతే

విద్యార్థులు ముందుగా డౌన్‌లోడ్ చేసుకునేది ‘ఎఫ్‌ఈఆర్-2013’ అనే ఫోటోల సమూహం. ఒక పోటీ కోసం 2013లో తయారైన ఈ సెట్‌లో 35,887 నలుపు తెలుపు ఫోటోలున్నాయి. ఒక్కోటి 48 పిక్సెళ్ల పొడవు, 48 పిక్సెళ్ల వెడల్పు, తపాలా బిళ్లంత. కోపం, జుగుప్స, భయం, సంతోషం, విచారం, ఆశ్చర్యం, మామూలు అని ఏడు రకాలు. సంతోషానికి 8,989 ఫోటోలుంటే జుగుప్సకు 547 మాత్రమే. వీటిని మనుషులకు చూపించినా సరిగ్గా చెప్పగలిగింది దాదాపు 65 శాతమే. చాలావరకు ఇంటర్నెట్ సెర్చిలో దొరికిన ముఖాలివి. స్టీరింగ్ పట్టుకుని, పక్క అద్దం వంక చూస్తూ, సగం నీడలో ఉన్న డ్రైవరు ముఖానికీ వీటికీ పొంతన తక్కువ.

అంతకంటే లోతైన ఇబ్బంది ఇంకోటుంది. ప్రతి ఉద్వేగానికీ ప్రపంచమంతటా ఒకే ముఖకవళిక ఉంటుందన్న నమ్మకం పాల్ ఎక్‌మన్ పరిశోధనలతో బలపడింది. మనస్తత్వ శాస్త్రవేత్త లీసా ఫెల్డ్‌మన్ బారెట్, మరికొందరు కలిసి అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను 2019లో తిరగేశారు. కోపంలో ఉన్నవాళ్లు ముఖం చిట్లించేది సగటున 30 శాతం సందర్భాల్లోనేనని తేలింది. మిగతా సందర్భాల్లో ముఖం వేరే ఏదో చేస్తుంది, లేదా ఏమీ చేయదు. ఏదో దీర్ఘంగా ఆలోచించేటప్పుడో, కడుపు నొప్పికో కూడా మనిషి ముఖం చిట్లిస్తాడు.

దీనికి చర్మం రంగు చిక్కు తోడవుతుంది. జాయ్ బ్వోలాంవీనీ, టిమ్నిట్ గెబ్రూ 2018లో మూడు కంపెనీల ముఖ విశ్లేషణ సాఫ్ట్‌వేర్లను పరీక్షించారు. ఆడా మగా గుర్తించే చిన్న పనిలో తెల్ల చర్మపు మగవాళ్ల విషయంలో తప్పులు 0.8 శాతానికి మించలేదు. నల్ల చర్మపు ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఒక సాఫ్ట్‌వేర్‌లో అవి 34.7 శాతానికి చేరాయి. తమిళ, తెలుగు నేలల డ్రైవర్ల మీద వాడబోయే పరికరాన్ని వీళ్ల ముఖాల మీద పరీక్షించకుండా ‘పనిచేస్తుంది’ అనడం కుదరదు.

ఒళ్లు చెప్పే కబురు, చెన్నై ఉక్కపోత

ముఖాన్ని నమ్మలేకపోతే ఒంటిని అడగొచ్చు. ఉద్రేకం వచ్చినప్పుడు గుండె వేగం పెరుగుతుంది, అరచేతుల్లో సన్నగా చెమట పడుతుంది. ఆ తడికి చర్మంలో విద్యుత్ ప్రవాహం కాస్త సులువవుతుంది. రెండు వేళ్లకు చిన్న ఎలక్ట్రోడ్లు తగిలిస్తే ఆ మార్పు తెలుస్తుంది. ఎంఐటీలో జెన్నిఫర్ హీలీ, రోజలిండ్ పికార్డ్ ఇదే దారిలో వెళ్లారు. బోస్టన్ ప్రాంతంలో నిజమైన రోడ్ల మీద డ్రైవర్లకు గుండె, శ్వాస, కండరాలు, చర్మ వాహకత్వం కొలిచే సెన్సర్లు పెట్టారు. విశ్రాంతి, హైవే, నగరం అని ఒత్తిడిని మూడు స్థాయిలుగా విడగొట్టి, ఐదేసి నిమిషాల రికార్డింగులతో 97 శాతం సరిగ్గా గుర్తించగలిగామని 2005లో ప్రకటించారు. ఒత్తిడితో బాగా కలిసి నడిచినవి చర్మ వాహకత్వం, గుండె వేగం. ఆ డేటా ఫిజియోనెట్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. సెన్సర్ కొనకముందే దాని మీద సాధన చేయొచ్చు.

ఆ ప్రయోగాన్ని ఉన్నదున్నట్టు చెన్నైకి దించితే మాత్రం తేడా కొడుతుంది. మే నెల కత్తిరి ఎండల్లో ఏసీ లేని బండి, పక్కనే వేడి కక్కే ఇంజిను. అరచేయి తడవడానికి కోపం అక్కర్లేదు, సముద్రపు గాలిలోని తేమ చాలు. పైగా ఆ సెన్సర్ చెప్పేది ‘ఉద్రేకం ఎంత’ అన్నదే. అది కోపమా, భయమా, క్రికెట్ కామెంటరీ తెచ్చిన ఉత్సాహమా అన్నది దానికి తెలియదు. అందుకే ఉష్ణోగ్రత, తేమ కొలిచే చవక సెన్సర్‌ను పక్కన పెట్టుకోవాలి. ఏసీ కారులో కొన్నిసార్లు, ఏసీ లేకుండా కొన్నిసార్లు రికార్డు చేసి తేడా చూపించాలి. పనిగట్టుకుని చేస్తే ఇదొక్కటే ఒక చక్కటి ప్రాజెక్టు.

కునుకు ముందు దొరుకుతుంది

అసురక్షిత స్థితుల్లో యంత్రానికి అన్నిటికంటే తేలిగ్గా దొరికేది నిద్రమత్తు, ఎందుకంటే అది కంటి రెప్పల్లో నేరుగా కనబడుతుంది. 2016లో చెక్ పరిశోధకులు సూచించిన సులువైన లెక్క ఒకటుంది. కన్ను చుట్టూ ఆరు బిందువులు గుర్తిస్తారు. రెండు మూలల్లో రెండు, పై రెప్ప మీద రెండు, కింది రెప్ప మీద రెండు. పై, కింది బిందువుల మధ్య నిలువు దూరాలు రెండింటినీ కూడి, మూలల మధ్య దూరానికి రెట్టింపుతో భాగిస్తారు. తెరిచిన కంటికి ఈ విలువ 0.3 చుట్టుపక్కల ఉంటుంది, రెప్ప వాలితే 0.2 కిందికి జారుతుంది. మనిషి కెమెరాకు దగ్గరగా జరిగినా దూరంగా జరిగినా రెండు దూరాలూ కలిసి మారతాయి కాబట్టి నిష్పత్తి పెద్దగా చెదరదు.

ఒక్క రెప్పపాటు నిద్ర కాదు. కాబట్టి ఒక నిమిషాన్ని గమనించాలి. సెకనుకు 30 ఫ్రేముల చొప్పున నిమిషానికి 1,800 ఫ్రేములు. వాటిలో 270 ఫ్రేముల్లో కన్ను 80 శాతానికి మించి మూసుకుని ఉంటే, ఆ నిమిషంలో 15 శాతం సేపు రెప్పలు వాలినట్టు. ‘పర్‌క్లోస్’ అనే ఈ కొలతను నిద్రమత్తు పరిశోధకులు 1990ల నుంచీ వాడుతున్నారు. రాత్రిపూట ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీ, దాన్ని చూడగల కెమెరా కావాలి. కూలింగ్ గ్లాసులు, కళ్లద్దాల మెరుపు ఇబ్బంది పెడతాయి.

చట్టాలు కూడా ఇక్కడి నుంచే మొదలయ్యాయి. యూరప్‌లో 2024 జులై నుంచి కొత్తగా అమ్మే కార్లన్నిటికీ నిద్రమత్తు, ఏకాగ్రత లోపం హెచ్చరిక తప్పనిసరి. మన దేశంలో ఇలాంటి వ్యవస్థకు ఏఐఎస్-184 అనే ప్రమాణం ఉంది. రెండిట్లోనూ అడిగింది మెలకువ, ఏకాగ్రత గురించే. కోపాన్ని కనిపెట్టమని ఎవరూ అడగలేదు.

బండి నడకే సాక్ష్యం

మౌంట్ రోడ్డు పక్క రిచీ స్ట్రీట్ తెలియని ఎలక్ట్రానిక్స్ విద్యార్థి చెన్నైలో ఉండడు. హైదరాబాద్‌లో కోఠి ఎలాగో ఇక్కడ అది అలాగ. ఆ సందుల్లో తక్కువ ధరకే దొరికే ఎంపీయూ-6050 అనే చిప్పు మూడు దిశల్లో త్వరణాన్నీ, మూడు అక్షాల చుట్టూ తిరుగుడునూ కొలుస్తుంది. దాన్ని ఈఎస్‌పీ-32 బోర్డుకు కలిపి డ్యాష్‌బోర్డుకు గట్టిగా బిగిస్తే బండి నడక మొత్తం అంకెల్లోకి వస్తుంది.

ఉదాహరణకు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు ఎర్ర లైటు చూసి 8 సెకన్లలో నింపాదిగా ఆగిందనుకుందాం. వేగం సెకనుకు 13.9 మీటర్ల నుంచి సున్నాకు వచ్చింది కాబట్టి మందగమనం సెకను సెకనుకు 1.7 మీటర్లు. అదే 4 సెకన్లలో ఆగితే 3.5 మీటర్లు, అంటే గురుత్వ త్వరణంలో మూడో వంతుకు పైనే. వెనక సీట్లో కూర్చున్నవాళ్లు ముందుకు తూలేది అప్పుడే. గుంతల్లో, స్పీడ్ బ్రేకర్ల దగ్గర నిలువు దిశలో, సడన్ బ్రేకుకు ముందు వెనకల దిశలో, కట్ కొట్టినప్పుడు పక్క దిశలో కుదుపు వస్తుంది. మూడింటినీ విడదీయడం నేర్చుకుంటే రోడ్డు తప్పేదో డ్రైవరు తప్పేదో చాలావరకు తెలుస్తుంది.

ఒక్క సడన్ బ్రేకును పట్టుకుని ఎవరినీ దోషిని చేయలేం. ఆటో అడ్డం వచ్చి ఉండొచ్చు. హారన్ సంగతీ అంతే. కోపానికి గుర్తుగా హారన్‌ను లెక్కపెట్టే పద్ధతి వేరే దేశాల్లో పనికొస్తుందేమో, మన లారీల వెనకేమో హారన్ కొట్టమని రాసే ఉంటుంది! పది నిమిషాల వ్యవధిలో బ్రేకులు, వెంటనే బలంగా యాక్సిలరేటరు, పదే పదే లేన్ మార్పులు, ఇవన్నీ కలిసి ఆ డ్రైవరు మామూలు నడకకు ఎంత దూరం జరిగాయన్నది చూడాలి.

‘ఆ డ్రైవరు మామూలు’ అన్న మాటే కీలకం. ఒకరి నాడి విశ్రాంతిలో 62, ఇంకొకరిది 84. ఒకరు పుట్టుకతోనే దూకుడు, ఇంకొకరు నిదానం. అందరికీ ఒకే గీత గీస్తే సగం మందికి అది తప్పు గీతే. మెర్సిడెస్ 2009లో తెచ్చిన అటెన్షన్ అసిస్ట్ ప్రయాణం మొదటి నిమిషాల్లో ఆ డ్రైవరు స్టీరింగ్ తిప్పే తీరు నేర్చుకుని, తర్వాత వచ్చే తేడాను పసిగడుతుంది. విద్యార్థులూ మొదటి పదిహేను నిమిషాలను ఆ మనిషికి కొలమానంగా పెట్టుకోవచ్చు.

కోపం తెప్పించడం ఎలా?

డేటా కావాలంటే కోపంగా నడిపేవాళ్లు కావాలి. నిజమైన రోడ్డు మీద మనిషిని రెచ్చగొట్టి నడిపించడం ప్రయోగం కాదు, నేరం. నటించమని అడిగితే వచ్చేది ఎక్స్‌పోలో చూసిన బిగించిన పళ్లే. మధ్యేమార్గం సిమ్యులేటర్. 2017లో వచ్చిన ‘కార్లా’ ఉచితం, మంచి గ్రాఫిక్స్ కార్డు, ఒక గేమింగ్ స్టీరింగ్ ఉంటే సరిపోతుంది. ఫలానా టైముకు చేరాలన్న షరతు పెట్టి, ముందు నత్తనడక లారీని నడిపి, సరిగ్గా ఓవర్‌టేక్ చేయబోయే క్షణంలో సిగ్నల్ ఎర్రబడేలా చేస్తే ఎంత శాంతమూర్తికైనా చిరాకు పుడుతుంది. ఐదేసి నిమిషాలకోసారి ‘ఇప్పుడెంత చిరాకుగా ఉంది’ అని అడిగి, 1 నుంచి 9లో ఒక అంకె చెప్పించుకోవాలి. స్వతహాగా ఎవరికి రోడ్డు మీద కోపం ఎక్కువో ముందే తెలుసుకోవడానికి జెర్రీ డెఫెన్‌బాకర్ బృందం 1994లో రూపొందించిన డ్రైవింగ్ యాంగర్ స్కేల్ ఉంది. దాని చిన్న రూపంలో 14 ప్రశ్నలే.

పాల్గొనేవాళ్ల రాతపూర్వక అంగీకారం, ఎప్పుడైనా మధ్యలో లేచిపోయే స్వేచ్ఛ, కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి, ఇవన్నీ మొదటి రికార్డింగుకు ముందే చేతిలో ఉండాలి.

95 శాతం వెనకున్న లెక్క

ఇప్పుడు ఆ 0.22 శాతం దగ్గరికి మళ్లీ వద్దాం. 10,000 నిమిషాల డ్రైవింగ్ తీసుకుంటే అందులో ఉద్వేగం ఉన్నవి 22 నిమిషాలు. మన యంత్రం కోపాన్ని 95 శాతం సార్లు పడుతుంది, కోపం లేనప్పుడు 95 శాతం సార్లు ఊరుకుంటుంది అనుకుందాం. 22లో 21 పట్టేస్తుంది, భేష్. మిగిలిన 9,978 నిమిషాల్లో 5 శాతం, అంటే 499 సార్లు అకారణంగా కూస్తుంది. మొత్తం 520 మోతల్లో నిజమైనవి 21. పాతిక మోతలకు ఒకటి! దాదాపు ప్రతి ఇరవై నిమిషాలకూ ఒక అబద్ధపు బజర్ అన్నమాట. ‘నాన్నా పులి’ కథలో ఊరివాళ్లలాగే డ్రైవరు కూడా రెండో రోజుకు వినడం మానేస్తాడు, మూడో రోజుకు వైరు పీకేస్తాడు.

కొన్ని 95 శాతాలు అంతకుముందే ఉత్తుత్తివి. ఒకే మనిషి వీడియోలోంచి వేల ఫ్రేములు తీసి, వాటిని కలగాపులగం చేసి, కొన్నిటితో నేర్పి మిగతావాటితో పరీక్ష పెడితే యంత్రం ఆ ముఖాన్ని బట్టీ పట్టి పాసవుతుంది. పన్నెండు మంది పాల్గొంటే పదకొండు మందితో నేర్పి, ఎప్పుడూ చూడని పన్నెండో మనిషితో పరీక్షించాలి. అలా పన్నెండు సార్లు మార్చి మార్చి చేయాలి. మార్కు తగ్గుతుంది కానీ ఆ మార్కుకు విలువ ఉంటుంది. పోస్టరు మీద శాతానికి బదులు ‘గంటకు ఎన్ని తప్పుడు హెచ్చరికలు’ అన్న అంకె వేయడం ఇంకా నిజాయితీ.

పట్టుకున్నాక ఏం చేయాలి?

‘మీరు కోపంగా ఉన్నారు’ అని యంత్రం చెబితే ఉన్న కోపం రెట్టింపవుతుంది. స్టాన్‌ఫర్డ్‌కు చెందిన క్లిఫర్డ్ నాస్ బృందం 2005లో సిమ్యులేటర్ మీద చేసిన ప్రయోగంలో కారు గొంతును మార్చి చూశారు. మనసు బాగోలేని డ్రైవర్లకు ఉత్సాహంగా కబుర్లు చెప్పే గొంతు కంటే, నెమ్మదైన గొంతు వినిపించినప్పుడు ప్రమాదాలు తగ్గాయి. హెచ్చరిక పద్ధతి కూడా పరిశోధనాంశమే. ముందున్న బండికి దూరం పెంచమని నెమ్మదిగా చెప్పడం, పక్కన ఆపుకునే చోటు చూపడం లాంటివి బజర్ కంటే మేలు.

ఇంకో ప్రశ్న: ఆ సమాచారం ఎవరికి చేరుతుంది? బస్సు, ట్యాక్సీ, డెలివరీ డ్రైవర్ల మూడ్ రిపోర్టు యజమాని ఫోనుకు వెళితే భద్రతా పరికరం కాస్తా నిఘా పరికరమవుతుంది. పనిచేసే చోట్ల ఉద్యోగుల ఉద్వేగాలు ఊహించే ఏఐని యూరప్ 2025 ఫిబ్రవరి నుంచి నిషేధించింది. వైద్యానికి, భద్రతకు మాత్రమే మినహాయింపు. మన దగ్గర 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఉంది. వీడియోను బండిలోనే లెక్కకట్టి చెరిపేసి, అంకెలు మాత్రమే దాచే డిజైన్‌ను మొదటి రోజే ఎంచుకోవాలి.

సమాచారాన్ని డ్రైవరు మీద కాకుండా డ్రైవరు కోసం వాడొచ్చనడానికి దగ్గర్లోనే ఉదాహరణ ఉంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలోని పరిశోధన కేంద్రం భాగస్వామిగా నాగ్‌పూర్‌లో 2021లో మొదలైన ‘ఐరాస్తే’ ప్రాజెక్టు తర్వాత తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లోకీ వచ్చింది. బస్సు ముందున్న రోడ్డును కెమెరా చూస్తూ డ్రైవరును హెచ్చరిస్తుంది. ఒకే చోట చాలా బస్సుల్లో హెచ్చరికలు పడుతుంటే అది ‘గ్రే స్పాట్’, అంటే రేపు తరచూ ప్రమాదాలు జరగబోయే ‘బ్లాక్ స్పాట్’. సరిచేయాల్సింది ఆ మలుపునే. మూడ్ ప్రాజెక్టులోనూ అందరూ చిరాకుపడే కూడలి బయటపడితే ఆ మ్యాపు డ్రైవర్ల జాబితా కంటే ఎక్కువ ఉపయోగం.

జీరోత్ రివ్యూకు ముందు

గైడ్ ముందు నిలబడేటప్పుడు ‘ఏఐతో డ్రైవర్ ఎమోషన్ డిటెక్షన్’ అన్న టైటిల్ బదులు ఒక్క వాక్యపు ప్రశ్నతో వెళ్లాలి. ‘తొందరలో ఉన్న డ్రైవరు నడపడంలో వచ్చే మార్పును, అతని మామూలు నడకతో పోల్చి, గంటకు ఒకటి మించని తప్పుడు హెచ్చరికలతో పట్టగలమా?’ అన్నది అలాంటి ప్రశ్న. మొదటి నెల చదువుకు, అనుమతులకు. రెండో నెల సెన్సర్లకు, ఉచిత డేటా మీద సాధనకు. మూడు, నాలుగు నెలలు సిమ్యులేటర్ రికార్డింగులకు. ఆ తర్వాతే మోడల్. కారు లేని బృందం బైకును ఎంచుకోవచ్చు. 2022 మరణాల్లో 44.5 శాతం ద్విచక్ర వాహనదారులవే. వాళ్ల హెల్మెట్ లోపలి ముఖాన్ని ఏ డ్యాష్‌బోర్డు కెమెరా చూడదు కానీ, జేబులోని ఫోన్ సెన్సర్లు బండి ఊగిసలాటను చూస్తాయి.

చివరికి జవాబు ‘పట్టలేకపోయాం’ అని వచ్చినా నష్టం లేదు. ఎంతమంది మీద, ఏ ఎండలో, ఏ సెన్సర్ ఎక్కడ తప్పిందో అంకెలతో రాస్తే వచ్చే ఏడాది జూనియర్లు అక్కడి నుంచి మొదలుపెడతారు. వైవాలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ‘మీ యంత్రం గంటకు ఎన్నిసార్లు పొరబడుతుంది?’ అని అడిగినప్పుడు తడుముకోకుండా జవాబు చెప్పగలిగిన బృందమే ఈ అంశాన్ని అర్థం చేసుకున్నట్టు.